సొట్ట

ముందు పక్కటెముకలు కోశాను.
బాల్సా చెక్క. అరచేతిలో పెట్టుకుంటే
బరువుందో లేదో తేల్చుకోడానికి
కళ్లు మూసుకోవాలి.
మల్కాపురంలో మా మేడమీది గది పదడుగులు,
రెక్క పన్నెండు.
రెక్కని రెండు చేసి
మధ్యలో అల్యూమినియం గొట్టం పెట్టాను.
"గదికి తగ్గ విమానం చేసుకోవచ్చు కదా" అంది రత్నమాంబ.
నాలుగో వంతు అంటే నాలుగో వంతే.

వానాకాలం జిగురు ఆరదు.
రాత్రి నిటారుగా ఉన్న పలక
ఉప్పుతేమకి తెల్లారేసరికి అప్పడంలా వంగింది.
బియ్యం డబ్బాలో దాచాను చెక్కల్ని.
అన్నంలో రంపంపొట్టు తగిలి
రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

ఇంజను మూతలు నా వల్ల కాలేదు.
చేపలరేవులో ఫైబరు తెప్పలు పోసే వాసుపల్లి ఎర్రయ్య
అచ్చుని అటూ ఇటూ తిప్పి
"ఏటి గురువుగారూ, ఇంత సిన్న పడవా?" అన్నాడు.
విమానమని చెప్తే
"అయితే ములిగిపోద్దన్న బెంగ లేదు."
రెజిన్ కలిపి, గాజుగుడ్డని ఇడ్లీగుడ్డలా పరిచి
ఒక్క బుడగ మిగలకుండా వేలితో నిమిరాడు.
డబ్బు పుచ్చుకోలేదు.
కుడి మూత లోపల మాత్రం
తన పడవ నంబరు రాసుకున్నాడు.

తర్వాత రివెట్లు.
మొన తెగ్గోసిన సిరంజిలో తెల్లజిగురు.
ఒక చుక్క, ఊపిరి, ఒక చుక్క.
మూడువేల రెండొందల దాకా లెక్కపెట్టి
లెక్క మానేశాను.
పొగగొట్టం వెనక మసి,
గాలి ఎటు తోసేదో అటే సాగాలి.
తలుపు గడియ దగ్గర రంగు వెలిసిపోవాలి,
ఎన్ని చేతులు పట్టుకున్నాయో తెలియాలి.
డయళ్లు మిరియపు గింజలంత.
ఎత్తు చూపే ముల్లు సున్నా మీద పెట్టాను,
ఇంకా నేలమీదే ఉన్నాం కనక.

నా దగ్గరున్న ఫోటోలన్నీ అయిపోయాయి.
ఏ ఫోటోలోనూ లేనిది ఒకటి మిగిలింది.

ఎనభై ఏడు జూన్, మధ్యాహ్నం షిఫ్టు.
రేకు మీద బూటు అంటుకుపోయే ఎండ.
నా చేతిలోంచి పధ్నాలుగో నంబరు స్పానరు జారి
ఎడమ రెక్క మీద పడింది.
పావలా అంత సొట్ట.
చుట్టూ చూశాను. హ్యాంగరు దూలం మీద
ఒక పావురం తప్ప ఎవరూ లేరు.
లాగ్‌బుక్కులో రాయాలి.
ఉద్యోగం పర్మనెంటయి మూడు వారాలు.
నోరు పెగల్లేదు, పెన్నూ పెగల్లేదు.
సాయంత్రం అది అలాగే సముద్రం మీదికెళ్లింది.
నాలుగు గంటలు
కాంటీను మెట్లమీద కూర్చుని
యారాడ కొండవైపు చెవి పెట్టాను.
టీ మీద మీగడ కట్టింది.
వచ్చింది. దిగింది.
ఎవరూ ఏమీ అనలేదు.
ఆ తర్వాత పదకొండేళ్లు ఎగిరింది, దానితోనే.

పావలాలో నాలుగో వంతు అంటే
కందిగింజంత.
బేరింగు గుండు ఒకటి పెట్టి
బొటనవేలితో నొక్కాను.
ఏ రివెట్టుకీ అంతసేపు పట్టలేదు.

ఆనందపురం దాటాక
ప్లాట్లు అమ్ముడుపోని వెంచరు ఒకటుంది.
దాని తారురోడ్డే మా రన్‌వే.
నా చేతులు వణుకుతాయి,
రిమోటు సబీహాకిచ్చాను.
పాలిటెక్నిక్ పిల్ల. గాలి నాడి చూసే బొటనవేళ్లు.
రెక్కలు తొడుగుతూ ఆగింది.
"అంకుల్, ఇక్కడ నొక్కుకుపోయింది. పుట్టీ పెట్టనా?"
"వద్దమ్మా.
అది నేను చేసిందే."
ముప్పై ఏడేళ్లకి బయటికొచ్చిన మాట
ఇంత చిన్నదా అనిపించింది.
"పర్లేదు అంకుల్, పైకెళ్తే కనబడదులే" అంది,
స్క్రూ బిగిస్తూ.

కనబడదు. ఆరోజూ కనబడలేదు.

రెండు ఇంజన్లూ అందుకున్నాయి.
నలభయ్యో నంబరు ప్లాటు దగ్గర చక్రాలు నేల వదిలాయి.
ఎర్రయ్య పడవ నంబరు కూడా లేచింది.
అందరూ పైకి చూస్తుంటే
జేబులోంచి రత్నమాంబ పాలపద్దు పుస్తకం తీసి
ఖాళీ పేజీలో తేదీ వేశాను.
"ఎడమ రెక్క, పైవైపు" అని రాసి
చప్పుడు వినడానికి
ఆగాను.